ఆడబిడ్డ చేతిలో పాస్‌వర్డ్

మా ఇంట్లో కంప్యూటర్ మరాఠీలో మాట్లాడుతుంది. మాది మరాఠీ రాష్ట్రంలోని రాజురా కాబట్టి అందులో వింతేమీ లేదు. మా ఆయన, ఆయన చెల్లెలు, మా మామ, అందరూ మరాఠీ బడిలో చదువుకున్నవాళ్లే. తెలుగు వాళ్ల నోట్లో హాయిగా ఆడుతుంది గానీ కాగితం మీద కనిపిస్తే తెల్లమొహం వేస్తారు. నేనొక్కదాన్నే ఆదిలాబాద్ వైపు తెలుగు బడిలో చదివి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, బస్సుల బోర్డులు చూసి మరాఠీ కూడబలుక్కోవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ మరాఠీ చదివేటప్పుడు నా పెదవులు కదులుతాయి. మా ఆయన చూసి నవ్వుతాడు. నవ్వనీ, ఆయన తెలుగు చదవబోయినప్పుడు నేనూ చూశాను.

ఆ కంప్యూటర్ నా ఎంబ్రాయిడరీ మిషన్ కోసం కొన్నది. ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లకు, చీరల అంచులకు పూలూ నెమళ్లూ కుట్టి ఇస్తాను. సూది ఎక్కడ మొదలై ఎటు పోవాలి, దారం రంగు ఎక్కడ మారాలి అన్నది ముందు కంప్యూటర్లో గీసుకోవాలి. ఆ గీసే సాఫ్ట్‌వేర్ మిషన్‌తో పాటే వచ్చింది, చాలా పాతది. ఇన్నేళ్లుగా నేను చేసుకున్న డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకే సాఫ్ట్‌వేర్‌లోనూ అవి తెరుచుకోవు. మిషన్ ముందు కూర్చున్నంతసేపూ నేను ఎవరి కోడలినో ఎవరి భార్యనో నాకు గుర్తుండదు. ఆ ముందుగదికి వచ్చేవాళ్లు నన్ను, నా పేరు పెట్టి, అడిగి వస్తారు. అందుకే ఆ గది అంటే నాకు అంత ఇష్టం.

ఒక వేసవిలో పాత కంప్యూటర్ ప్రాణం విడిచింది. మా చంద్రపూర్ జిల్లా ఎండకు మనుషులే నిలవరు, దాన్నేం అనగలం. కానీ ఎండ ఒక్కటే కారణం కాదు. అది ఏం అడిగినా మా ఇంట్లో అందరూ అవుననేవాళ్లు. మా ఆయన పత్తి ధరలు చూస్తుంటే ఏదో ఒక ప్రశ్న తెర మీదికి వచ్చేది, అవుననేవాడు. మామ పంచాంగం చూస్తుంటే ఇంకేదో వచ్చేది, ఆయనా అవుననేవాడు. ఎవరో పాపం అంత మర్యాదగా అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుంది! చివరికి తెర నిండా ప్రకటనలు నిండిపోయి నా డిజైన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చేది.

కొత్త కంప్యూటర్ కొని, పాతదాని డిస్కులోంచి డిజైన్లన్నీ అందులో వేయించాం. పాత సాఫ్ట్‌వేర్ అందులో నడవనంది. చంద్రపూర్‌లో ఒక దుకాణంలో చూపిస్తే దాని పని అయిపోయింది, వేరేది కొనుక్కోండి అన్నారు. వేరేది కొంటే నా డిజైన్లన్నీ గంగలో కలిసినట్టే. అప్పుడు నన్ను ఆదుకున్నది ఆడబిడ్డ.

ఆడబిడ్డ మా ఆయన కంటే చాలా చిన్నది. చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్‌లో ఉంటుంది. వాళ్లాయనకు అక్కడి కరెంటు ప్లాంటులో ఉద్యోగం, తనకు ఒక బడి ఆఫీసులో కంప్యూటర్ పని. నా గోడు ఫోన్‌లో విని ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. కంచంలో అన్నం ఆరిపోతున్నా లేవలేదు. సాఫ్ట్‌వేర్‌ను తీసేసింది, మళ్లీ పెట్టింది, పాత కంప్యూటర్లోనే ఉన్నాననుకునేలా దాన్ని మాయ చేసే సెట్టింగులేవో మార్చింది. సాయంత్రానికి నా పాత నెమలి కొత్త తెర మీద తోక విప్పింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను. ఆ ఆదివారం ఆమె రాకపోయి ఉంటే నా ముందుగది ఎప్పుడో మూతపడేది.

అయితే ఒక మెలిక ఉండిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ పుట్టిన కాలంలో ఎవరినీ అడిగే పని లేదు, కంప్యూటర్లో ఎక్కడ పడితే అక్కడ రాసుకునేది. కొత్త కంప్యూటర్లో అది చెల్లదు. తెరిచిన ప్రతిసారీ తెరంతా మసకబారి మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది. ఈ ప్రోగ్రాం ఎవరు తయారు చేశారో తెలియదు, మీ కంప్యూటర్లో మార్పులు చెయ్యడానికి దీనికి పర్వానగీ, అంటే అనుమతి, ఇస్తారా, అని. దాని కింద పాస్‌వర్డ్ కొట్టే గడి. ఆ పాస్‌వర్డ్ ఆడబిడ్డ పెట్టింది, తన దగ్గరే ఉంచుకుంది.

"ఈసారి అందరు అవునవును అంటే నడువది వదినా. పెత్తనం నా దగ్గరుంటది," అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను, పైకి. లోపల మాత్రం చురుక్కుమంది. నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు ఆడబిడ్డ పెత్తనం గురించి మా వాళ్లంతా భయపెట్టి పంపారు. తీరా వచ్చి చూస్తే ఆ ఆడబిడ్డ గౌను వేసుకుని నా కొంగు పట్టుకుని తిరిగే పిల్ల. మా అత్త కూడా, పోయేదాకా, నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇంత హాయిగా బతికిన నాకు, జుట్టు నెరిసే వేళకు, కంప్యూటర్లోంచి వచ్చిందిరా పెత్తనం అనుకున్నాను.

మా మామ బాధ వేరే. సాఫ్ట్‌వేర్ బొమ్మ మీద నొక్కితే వచ్చే వరుసలో 'ప్రశాసక్ మ్హణూన్ చాలవా' అని ఉంటుంది. కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉన్న మనిషిగా దీన్ని నడపండి అని దానర్థం. ఆడబిడ్డ అది నొక్కుతుంటే వెనక నుంచి చదివి మామ ఉలిక్కిపడ్డాడు.

"గిదేంది బిడ్డా, గీ డబ్బలకు సుత ప్రశాసక్ వచ్చిండా?"

జివతి గుట్టల వైపున్న వాళ్ల సొంతూరికి ఆయన ఒకప్పుడు సర్పంచ్. గడువు తీరి, ఎన్నికలు జరగక, సర్కారు ఊరికి ఒక ప్రశాసక్‌ను పంపింది. ఎన్నికైనవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి పంచాయతీ నడిపే అధికారిని ఇక్కడ అలా అంటారు. అప్పటినుంచి వీధిలో ఒక బల్బు మార్చాలన్నా తాలూకా ఆఫీసుకు తిరగాల్సి వచ్చిందని మామ ఇప్పటికీ పళ్లు నూరుతాడు. ఆ ప్రశాసక్ వేరు, ఈ ప్రశాసక్ వేరు అని కూతురు ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. నన్నడిగితే ఆయనదీ తప్పు కాదు. నేనైతే మొదటిసారి ఆ 'చాలవా'ను తెలుగు బుర్రతో చదివి, ఇంట్లో ఉన్న పెత్తనాలు చాలవా అని కంప్యూటర్ నన్నే అడుగుతోందనుకున్నాను.

నేనో ఉపాయం కనిపెట్టాను. ఆడబిడ్డ ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి తెరిచాక సాఫ్ట్‌వేర్‌ను ఇక మూయకూడదు. పని అయ్యాక కంప్యూటర్‌ను ఆర్పకుండా నిద్రపుచ్చి, పొద్దున లేపుకోవాలి. అలా రోజుల తరబడి లాక్కొచ్చేదాన్ని. కానీ కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసిందంటే కథ మళ్లీ మొదటికి వచ్చేది. కరెంటు పుట్టేదేమో దుర్గాపూర్‌లో, పక్కనే. మా వీధి దాకా రావడానికే దానికి బద్ధకం.

"మీ ఆయనకు చెప్పి జెర గట్టిగ పంపియ్యరాదు కరెంటు," అని ఆడబిడ్డను ఆటపట్టించేదాన్ని.

"మా ఆయన ప్లాంట్ల కూసుంటడు వదినా, తీగల ఎంబడి రాజురా దాంక ఉరుకుతడా?" అనేది.

ఫోన్‌లోనే పని కానిచ్చేద్దామని దూరం నుంచి మా కంప్యూటర్లోకి చూసే పద్ధతి కూడా పెట్టింది. అన్నీ కనిపించేవి. సరిగ్గా ఆ ప్రశ్న వచ్చే వేళకు ఆమె వైపు తెర నల్లబడేది. ఆ ప్రశ్న కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికే కనిపిస్తుందట. ఇంకేం చేస్తుంది, ప్రతి ఆదివారం బస్సు ఎక్కేది. చంద్రపూర్‌లో దిగి ఇంకో బస్సు పట్టుకుని, బల్లార్‌పూర్ మీదుగా వార్ధా నది వంతెన దాటి వచ్చేది. వచ్చీ రాగానే నేను మసకబారిన తెర చూపించేదాన్ని. ఆమె పాస్‌వర్డ్ కొడుతుంటే నేను మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. అది చెప్పమని నేను అడగలేదు. చెప్పాలనుంటే తనే చెబుతుంది కదా, నేనెందుకు దేబిరించాలి అని నా పంతం. నిమిషంలో అయ్యే ఆ పని కోసం వచ్చి, నాన్నకు గోళ్లు తీసి, నాతో కూర్చుని కూర తరిగి, చివరి బస్సుకు గానీ వెళ్లేది కాదు.

ఇలా ఆదివారాల మీద ఎన్నాళ్లు నడుస్తుంది వ్యాపారం? సోమవారం కరెంటు పోతే వారమంతా మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచాల్సిందే. ఇచ్చిన బట్టలు తిరిగి పట్టుకుపోయేవాళ్లు మొదలయ్యారు. ఒకరోజు భోజనాల దగ్గర మామ అననే అన్నాడు.

"వారానికొక్కపారి తాళం తీసే దుకాణం దుకాణమా బిడ్డా? మిషన్ అమ్మెయ్యుండ్రి."

మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు గానీ కాదనలేదు. అప్పటికి నా చేతిలో ఒకే ఒక పెద్ద పని ఉంది. బచత్ గట్ ఆడవాళ్లు, అంటే ఇక్కడి పొదుపు సంఘం వాళ్లు, తమ సభ కోసం అందరికీ ఒకే నెమలి ఉన్న జాకెట్లు కుట్టమన్నారు. ఇవి చెప్పిన రోజుకు ఇవ్వగలిగితే మిషన్ ఉంటుంది, ఇవ్వలేకపోతే నేనే అమ్మకానికి పెడతాను అని అందరి ముందూ అన్నాను. ఈ మాటేదీ ఆడబిడ్డకు చేరనివ్వలేదు. నా మిషన్ గతి ఆమె దయ మీద ఉందని ఆమెకెందుకు తెలియాలి?

ఆ వారమే వాన పట్టుకుంది. పని సగం దాకా బాగానే సాగింది. మనిషికో కొలత కాబట్టి కొలత మారినప్పుడల్లా నెమలిని కంప్యూటర్లో పెద్దదో చిన్నదో చేసి మళ్లీ మిషన్‌కు ఎక్కించాలి. ఇంకా పెద్ద కొలతలు మిగిలుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఆయాసపడి ఆయాసపడి ఆగిపోయింది. మర్నాడు పొద్దున కరెంటు వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ మూసుకుపోయి ఉంది. తెరవబోతే తెర మసకబారింది. అదే ప్రశ్న, అదే గడి. సాయంత్రానికి జాకెట్ల కోసం ఆడవాళ్లు వస్తారు. ఆడబిడ్డకు ఫోన్ చేద్దామనుకునేంతలో మా ఆయన తడిసి ముద్దై వచ్చాడు. వార్ధా పొంగి వంతెన మీద నుంచి పారుతోంది, బస్సులన్నీ ఆపేశారు.

ఇక పంతం గింతం ఏమీ మిగల్లేదు. ఫోన్ చేశాను. ఏడవకూడదనుకుని ఏడ్చాను. మిషన్ అమ్మకం సంగతి, సాయంత్రం సంగతి అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అవతల వాన చప్పుడులో ఆడబిడ్డ గొంతు తెగి తెగి వినిపించింది.

"ఏడ్వకు వదినా, గంతదాంక ఎందుకు చెప్పలే! రాసుకో. మన తెలుగు మాటనే. వదిన పెత్తనం."

నాకు ఒళ్లు మండింది. ఇంత గోడు చెప్పుకుంటుంటే పెత్తనం అని నన్నే దెప్పుతోందా? "నేనేం పెత్తనం చేసిన్నే?" అన్నాను.

"అయ్యో, పాస్‌వర్డే గది వదినా! వదిన పెత్తనం. ఇంగ్లీషు అచ్చరాలల్ల కలిపి కొట్టు, అన్ని చిన్నయే..."

లైను తెగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

నేను ఫోన్ పక్కన పెట్టాను. తర్వాత కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే అంది. దకు డీ పక్కన హెచ్ పెట్టాను. తకు టీ పక్కన హెచ్ పెట్టాను. మాకు బడిలో నేర్పింది అదే. హెచ్ లేకపోతే అది వడిన పెట్టనం అవుతుంది గానీ వదిన పెత్తనం ఎలా అవుతుంది? హెచ్‌లు ఒకటి పెంచి చూశాను, ఒకటి తగ్గించి చూశాను. చివరికి విసుగొచ్చి కంప్యూటరే ఆ ఖాతాకు తాళం వేసింది. చాలాసార్లు తప్పు కొట్టారు, కాసేపాగి రండి, అని మరాఠీలో మందలించింది.

"ప్రశాసక్ గట్లనే ఉంటడు బిడ్డా. ఇయ్యాల పో, రేపు రా అంటడు," అన్నాడు మామ, పక్కన స్టూలు మీద కూర్చుని. ఆయన గొంతులో వెటకారం లేదు. కోడలి మిషన్ పోతుందేమోనని ఆ పూట ఆయనకే ఎక్కువ దిగులు పట్టుకుంది.

ఊరికే కూర్చోలేక ఫోన్ తీశాను. ఆడబిడ్డకు మెసేజ్ అన్నా పోతుందేమోనని చూశాను. పోలేదు. కానీ పాత మెసేజీలు కనిపించాయి. మేం తెలుగులోనే రాసుకుంటాం, ఇంగ్లీషు అక్షరాలతో. ఆమెకు తెలుగు లిపి రాదు కదా. తిన్నవా వదినా, అని ప్రతి మధ్యాహ్నం అడిగేది. కింద నా జవాబు, తిన్న. నేను రాసిన తిన్నలో టీ పక్కన హెచ్ ఉంది. ఆమె రాసిన తిన్నవాలో లేదు. పైకి జరిపాను. తల నొస్తున్నదా, అని అడిగింది. అక్కడా హెచ్ లేదు. నాన్న తాగిండా మందులు, అని అడిగింది. అక్కడా లేదు. వదిన అనే మాట ప్రతి మెసేజీలో ఉంది, ఎక్కడా హెచ్ లేకుండా. మరాఠీ బడి పిల్లకు త అంటే ఒట్టి టీ, ద అంటే ఒట్టి డీ. హెచ్‌ల గోల మా తెలుగు బడి వాళ్లదే.

ఆ మెసేజీలు అంత వరుసగా నేనెప్పుడూ చదవలేదు. నేను జవాబివ్వని రోజులు చాలా ఉన్నాయి. ఆమె అడగని రోజు మాత్రం లేదు.

కంప్యూటర్ కోపం తగ్గాక మళ్లీ కూర్చున్నాను. ఒక్క హెచ్ కూడా లేకుండా, వడిన పెట్టనం అని నా కళ్లకు కనిపించే ఆ మాటను కొట్టాను. తెర వెలిగింది. నెమలి వచ్చింది. మామ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"అయితే ఇగ ప్రశాసక్‌వు నువ్వేనా?" అన్నాడు. నేను అప్పటికే మిగిలిన కొలతలకు నెమలిని పెంచుతున్నాను.

సాయంత్రం ఆడవాళ్లు గొడుగులు ముడుస్తూ వచ్చేసరికి చివరి జాకెట్‌కు దారాలు కత్తిరిస్తున్నాను. ఒకావిడ నెమలి మెడ మీద వేలితో రాసి చూసి, ఇంకో సంఘం వాళ్లకు కూడా చెబుతానంది. ఆ మాట మామ విన్నాడు, మా ఆయనా విన్నాడు. మిషన్ అమ్మకం మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వంతెన మీద నీళ్లు దిగగానే ఆడబిడ్డ వచ్చింది. చెప్పులు విప్పుతూనే "తెరుచుకున్నదా వదినా?" అంది. మెల్లగా కూర్చోబెట్టి టీ ఇచ్చాను. హెచ్‌ల కథ చెబితే పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక అడిగాను, ఆ పాస్‌వర్డ్ ఎప్పుడు పెట్టావని.

"మొదటి దినమే. పెత్తనం నీదే వదినా, నేను ఉత్తగ పట్టుకొని కూసున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

టీ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పింది.

"నువ్వు అడిగితే ఎప్పుడో చెప్పుదును. నువ్వు అడుగలే. నేను సుత చెప్పలే," అంది. "అమ్మ ఉన్నప్పుడు ఉత్తగనే ఫోన్ జేసి రా బిడ్డా అనేది. అమ్మ పోయినంక ఈ ఇంట్ల నన్ను రమ్మనేటోళ్లు లేకపాయె. గీ పాస్‌వర్డ్ కోసమన్న నువ్వు పిలుస్తుంటివి. నీ మిషన్ మీదికి వచ్చిందని నాకు తెల్వది వదినా, తెలిస్తే దాస్తునా?"

ఆమె అక్కడితో ఆపి, గ్లాసు కడగడానికి లేచి వెళ్లింది. నా పనిని నిలబెట్టింది ఆమె. వదిన పెత్తనం అనే తాళం పెట్టి దాన్ని కాపాడింది ఆమె. పెత్తనం అని నేను లోపల్లోపల తిట్టుకున్న ఆ ఆదివారాలన్నీ ఆమె పుట్టింటికి వచ్చిన ఆదివారాలు. ఇలాంటి మనిషిని నాకిచ్చినందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక, మా అత్త ఫొటోకు పెట్టాను.

ఇప్పుడు తెర మసకబారితే నేనే పాస్‌వర్డ్ కొట్టుకుంటాను. నిమిషం కూడా పట్టదు. తర్వాతి శనివారం కూడా కరెంటు పోయింది, వచ్చింది, నేను తెరుచుకుని పని మొదలుపెట్టాను. మధ్యలో మిషన్ ఆపి ఆడబిడ్డకు ఫోన్ చేశాను.

"ఏమైంది వదినా? మళ్ల బందైందా?" అంది కంగారుగా.

"ఏం కాలేదు. అంతా మంచిగనే నడుస్తున్నది. నీతోని పనేం లేదు," అన్నాను. "రేపు ఉత్తగనే రా."